అస్మి (సబ్‌మెషిన్ గన్)

అస్మి భారతదేశంలో రూపొందించబడి, హైదరాబాదులో తయారైన 9 మి.మీ. సబ్‌మెషిన్ గన్. దీనిని మెషిన్ పిస్టల్ అని కూడా అంటారు. మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో గల సైన్యపు ఇన్‌ఫాంట్రీ స్కూల్, పూణేలోని రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) ప్రయోగశాల ఏఆర్‌డీఈ కలసి దీనిని తయారు చేశాయి. 2021 జనవరిలో దీని వివరాలు తొలిసారి ప్రకటించబడ్డాయి. 2024లో ఉత్తర కమాండ్ దళాల కొరకు భారత సైన్యం 550 అస్మి తుపాకులను స్వీకరించింది.

పేరు

సంస్కృతంలో 'అస్మి' అనగా 'ఉన్నాను' అని అర్థం. ఇది 'అస్' ధాతువుకు ఉత్తమ పురుష ఏకవచన రూపం. అభిమానం, ఆత్మగౌరవం, కఠోర శ్రమ అనే భావాలకు గుర్తుగా ఈ పేరు పెట్టినట్లు డీఆర్‌డీఓ తెలిపింది.

సబ్‌మెషిన్ గన్ అనగా

పిస్టల్‌లో వాడే చిన్న తూటాలను మెషిన్ గన్ వలె ఆపకుండా పేల్చగల తేలికపాటి తుపాకిని సబ్‌మెషిన్ గన్ అంటారు. మొదటి ప్రపంచయుద్ధం చివరలో, 1918లో, జర్మన్లు వాడిన ఎంపీ 18 ఈ తరగతిలో తొలి ఆయుధాలలో ఒకటి. కందకాల వంటి ఇరుకైన చోట్ల పొడవాటి రైఫిల్‌ను తిప్పుట కష్టం కనుక ఇటువంటి ఆయుధం అవసరమైనది. సైన్యంలో పొట్టి తుపాకులను సాధారణంగా కార్బైన్ అని పిలుస్తారు.

నేపథ్యం

1940లో డన్‌కిర్క్ నుండి వెనుదిరిగినపుడు బ్రిటిష్ సైన్యం ఎన్నో ఆయుధాలను అక్కడే వదులుకొనవలసి వచ్చింది. ఆ కొరత తీర్చుటకు 1941లో స్టెన్ గన్ రూపొందింది. రూపకర్తలు షెపర్డ్, టర్పిన్‌ల పేర్లలోని మొదటి అక్షరాలకు ఎన్‌ఫీల్డ్ అనే ఊరి పేరు చేర్చగా 'స్టెన్' అయినది. రేకులు, గొట్టాలతో చౌకగా చేసిన ఈ తుపాకులు సుమారు 40 లక్షలు తయారైనవి. బ్రిటిష్ ఇండియా సైన్యం ద్వారా ఇది మనదేశానికీ వచ్చింది. తెలుగు వార్తాపత్రికలలో 'స్టెన్ గన్' అనే మాట స్థిరపడిపోయింది. తరువాత వచ్చిన వేరే కార్బైన్లను కూడా జనం ఆ పేరుతోనే పిలిచారు.

స్టెన్ స్థానంలో బ్రిటన్ 1953లో స్టెర్లింగ్ తుపాకిని స్వీకరించింది. దీనినే 1963 నుండి కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో లైసెన్సుపై తయారు చేశారు. భారత సైన్యం, పోలీసులు దశాబ్దాల పాటు ఈ కార్బైన్‌నే వాడారు.

దీనికి బదులు మరొక ఆయుధం సమకూర్చుకొనుట సులభం కాలేదు. 1990లలో ఇన్సాస్ రైఫిల్, తేలికపాటి మెషిన్ గన్ సైన్యంలో చేరినవి కాని, అదే కుటుంబానికి చెందిన కార్బైన్ ఆమోదం పొందలేదు. 2018లో 93,895 కార్బైన్ల కొనుగోలుకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన కారకల్ సంస్థ ఎంపికైనప్పటికీ, 2020లో ఆ కొనుగోలు రద్దయినది. సరిగా ఈ కాలంలోనే అస్మి రూపుదిద్దుకొన్నది.

రూపకల్పన

ఇన్‌ఫాంట్రీ స్కూల్‌కు చెందిన సైనికాధికారి ప్రసాద్ బన్సోడ్ దీని ముఖ్య రూపకర్త. నాలుగు నెలలలోనే తొలి నమూనా సిద్ధమైనది. ఇంత వేగానికి ఒక ముఖ్య కారణం త్రీడీ ముద్రణ. ఈ పద్ధతిలో లోహపు పొడిని పొర మీద పొరగా కరిగించి పేర్చుతూ, కంప్యూటరులోని బొమ్మకు సరిపోయే భాగాన్ని తయారు చేస్తారు. అచ్చులు పోయవలసిన పని లేనందున, ఒక భాగం సరిపడకపోతే బొమ్మను దిద్ది మరల ముద్రించవచ్చు. అస్మి ట్రిగ్గరు భాగాలు ఈ విధంగానే తయారైనవి.

నిర్మాణం

* తూటా: 9×19 మి.మీ. పారాబెల్లం. సైన్యంలో ముందునుండి వాడుకలో ఉన్నదే కనుక కొత్త మందుగుండు అవసరం లేదు.
* పై భాగం: విమానాల తయారీలో వాడే అల్యూమినియం
* క్రింది భాగం: కార్బన్ ఫైబర్
* బరువు: 2.4 కిలోల లోపు
* గొట్టం పొడవు: 8 అంగుళాలు
* మేగజైన్: 33 తూటాలు
* ప్రభావ దూరం: సుమారు 100 మీటర్లు

దీనిని ఒక చేతితో పిస్టల్ వలె, భుజానికి ఆనించి సబ్‌మెషిన్ గన్ వలె కూడా పేల్చవచ్చు. దగ్గరి పోరాటంలో పాల్గొనే దళాలకు, ప్రముఖుల రక్షణ సిబ్బందికి, వాహన చోదకులకు, విమాన సిబ్బందికి ఇది అనుకూలమని రూపకర్తలు భావించారు.

హైదరాబాదులో ఉత్పత్తి

అస్మి తయారీని హైదరాబాదులోని లోకేష్ మెషీన్స్ చేపట్టింది. 1983లో స్థాపించబడిన ఈ సంస్థ ప్రధానంగా కంప్యూటరు ఆధారిత లోహపు కోత యంత్రాలకు, వాహన ఇంజన్ల భాగాలకు పేరొందినది. ఇంజను భాగాలవలెనే తుపాకి భాగాలకు కూడా కొలతలలో అతి సూక్ష్మమైన కచ్చితత్వం అవసరం. భారత్ డైనమిక్స్ (1970), మిధాని (1973) వంటి సంస్థల వలన హైదరాబాదు క్షిపణులకు, ప్రత్యేక లోహాలకు అదివరకే కేంద్రం. అస్మితో ఈ నగరం చిన్న ఆయుధాల రంగంలోనూ గుర్తింపు పొందినది.

2024 ఏప్రిల్‌లో ఈ సంస్థకు 550 తుపాకులకు 4.26 కోట్ల రూపాయల ఆర్డరు లభించింది. అనగా ఒక్కొక్కదానికి సుమారు 77 వేల రూపాయలు. ఉత్పత్తి ఖర్చు 50 వేల లోపు ఉండగలదని 2021లో డీఆర్‌డీఓ అంచనా వేసింది. 2024 నవంబరులో సైన్యం ఈ తుపాకుల చేరికను ప్రకటించింది.

పరిమితులు

అస్మి సైన్యపు మొత్తం కార్బైన్ అవసరాన్ని తీర్చుటకు ఉద్దేశించినది కాదు. 9 మి.మీ. పిస్టల్ తూటా రైఫిల్ తూటా కంటె నెమ్మదిగా పోతుంది. దూరం పెరిగేకొద్దీ దాని శక్తి త్వరగా తగ్గుతుంది. మెత్తని రక్షణ కవచం కూడా దానిని ఆపగలదు. అందువలన పదాతిదళం కొరకు సైన్యం 5.56 మి.మీ. కార్బైన్లను కోరుకొన్నది. వీటిని 4.25 లక్షలకు పైగా కొనుటకు 2025 డిసెంబరులో భారత్ ఫోర్జ్, పీఎల్ఆర్ సిస్టమ్స్ సంస్థలతో రక్షణ మంత్రిత్వశాఖ ఒప్పందాలు కుదుర్చుకొన్నది. ఆ సంఖ్య ముందు 550 చాలా చిన్నది. అయినను, ఒక సైనికాధికారి ఆలోచన నాలుగు నెలలలో నమూనాగా, సుమారు నాలుగేళ్ళలో సైనికుల చేతిలో ఆయుధంగా మారుట, ఏళ్ళ తరబడి సాగిన కార్బైన్ కొనుగోళ్ళ చరిత్రలో చెప్పుకోదగిన విషయం.

ఇవి కూడా చూడండి

* స్టెన్ గన్
* స్టెర్లింగ్ సబ్‌మెషిన్ గన్
* ఇన్సాస్ రైఫిల్
* భారత్ డైనమిక్స్ లిమిటెడ్