వగరు తెలిసిన నాలుక

కోవూరు వాస్తవ్యుడైన మిత్రుడొకరు ఇటీవల మమ్ములను ఒక చిత్రమైన ప్రశ్న అడిగెను. ఆయన వరి పండించు గృహస్థు. విదేశమందున్న కుమారుని యింట ద్రాక్షసారాయము, అనగా వైన్, గాజు పాత్రలో పోసి ముందుంచిరట. తక్కినవారు దానిని వాసన చూచి, పుక్కిలించి, ఏవేవో మాటలు చెప్పుకొనుచుండగా, తనకు పులుపు తప్ప మరేమియు తెలియలేదట. "ఈ విద్యకు అక్షరాభ్యాసమెట్లు?" అని ఆయన ప్రశ్న.

తెలుగునాట మద్యము అమ్ము అంగడికి ‘వైన్స్’ అను పేరు పాతుకొనిపోయినది. ఆ పలక క్రింద అమ్ముడుపోవునది చాలవరకు బ్రాందియు, విస్కీయు, బీరును. కావున ఆయన తికమకపడుటలో వింత లేదు. అయితే చరిత్ర పుటలు త్రిప్పినచో, ఆ ప్రశ్న పెన్న ఒడ్డునకు మరీ పరాయిది కాదని తోచును.

1786లో నెల్లూరు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలెను. త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలమును, దాని అడుగున ఒక కుండయు, ఆ కుండలో రోమను నాణెములును బయటపడెను. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి వానిలో ఉండెను. పాపము, ఆ రైతు వానిని పాత బంగారముగా అమ్ముకొనెను; కొన్ని కరగిపోయినవి. మరుసటి యేట మద్రాసు నుండి అలెగ్జాండర్ డేవిడ్సన్ వ్రాసిన లేఖ వలన సంగతి లోకమునకు తెలిసెను.

రోమను బంగారము వచ్చిన త్రోవలోనే రోమను సారాయమును వచ్చెను. ఇదే తీరమున దక్షిణముగా, పుదుచ్చేరి దాపున గల అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించినప్పుడు రెండు చెవుల పొడవాటి జాడీల పెంకులు దొరికినవి. వానిలో పెక్కు గ్రీకు ద్వీపమైన కోస్ పద్ధతి సారాయపు జాడీలని తరువాతి పండితులు తేల్చిరి. కోస్ సారాయమున సముద్రపు నీరు కలుపు వాడుక ఉండెను. ఉప్పు పడిన ద్రాక్షరసమును ఆనాటివారు ఇష్టముగా త్రాగిరనగా నేడు మనకు నవ్వు వచ్చును. మన ఉప్పు మజ్జిగను చూచి వారు నవ్వియుందురేమో!

క్రీస్తు శకము మొదటి శతాబ్దినాటి ‘పెరిప్లస్’ అను నావికుని గ్రంథము పడమటి తీరమందలి భరుకచ్ఛమునకు దిగుమతి అగు సారాయములను చెప్పుచు, ఇటలీ దేశపు సరకునకు అగ్రస్థానమిచ్చెను. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రాక్షరసమున నైన మద్యమును ‘మధువు’ అని చెప్పి, పుట్టిన దేశమును బట్టి కాపిశాయనమనియు, హారహూరకమనియు పేర్లిచ్చెను. ఏ ఊరిది అని అడుగుటయే ఈ విద్యలో మొదటి అక్షరము. అది నిన్నటి పాశ్చాత్యుల కల్పన కాదు.

మన దేశమునను ద్రాక్షతోటలుండెను. 1660ల నాటి ఫ్రెంచి యాత్రికుడు థెవెనో గోలకొండ సీమలో ద్రాక్షలు విరివిగా పండుటయు, వానితో తెల్లని సారాయము చేయుటయు వ్రాసెను. 1890 ప్రాంతమున హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ ప్రవేశపెట్టిన అనబ్-ఎ-షాహి మాత్రము తినుటకే పేరుపడెను. మన నెల్లూరు తీరమున, దుగరాజపట్నము వద్ద ఆర్మగాన్ అను పేరుతో ఇంగ్లీషువారు 1626లో వర్తకస్థానము పెట్టుకొనిరి. ఆ తరువాత మద్రాసు దొరలు కోరి తెప్పించుకొన్నది మదీరా ద్వీపపు సారాయము. ఉష్ణసముద్రములపై నెలల తరబడి ఓడలో మ్రగ్గి వేడెక్కుటచే దాని రుచి చెడక, మరింత పొందికపడెను. ఆ మార్పునకు మరిగినవారు తరువాత దానిని ద్వీపముననే వేడిచేసి నిలువచేయసాగిరి.

ఇంత చెప్పి మరియొకటి చెప్పకున్న న్యాయము కాదు. ఈ జిల్లాలోనే, కలిగిరి మండలము దూబగుంటలో, చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లా అంతటను వ్యాపించి సారా పాటలను అడ్డుకొనెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది. అట్టి గడ్డపై నిలిచి సారాయపు రుచిని గూర్చి మాటలాడుటకు మేము కొంత సంకోచించితిమి. కాని సారాను ఎవరు రుచి కొరకు త్రాగిరి? గొంతులో పోసికొని, ఆ రుచిని చంపుటకు ఊరగాయ నాకిరి. రుచి చూచుట అందుకు సరిగా ఎదురు త్రోవ.

మా మిత్రుడు అన్నము వాసనతోనే బియ్యము మొలగొలుకులగునో కాదో చెప్పగలడు. ఆయన నాలుక నిరక్షరాస్యము కాదు. ఉగాది పచ్చడి తిన్న నోటికి షడ్రుచులు తెలియును. వానిలో ఆరవదైన కషాయరసము, మన వగరు, ఎర్ర వైన్‌లో ప్రధానమైనది. ద్రాక్షతొక్క, గింజల నుండి అది దిగును. తెల్లదానికి రసమును తొక్క నుండి ముందే వేరుచేయుదురు గనుక వగరు తక్కువ. ఇంగ్లీషువారు దీనికి టానిన్ అను మాట వాడుదురు. వక్క నమిలినప్పుడు, కరక్కాయ చప్పరించినప్పుడు నాలుక బిగిసినట్లగుట మనకు బాల్యము నుండి తెలిసినదే.

మిగిలినది ముక్కు పని. ముక్కు మూసికొని బెల్లపు ముక్క నోట నుంచుకొన్న తీపి ఒక్కటే తెలియును. ముక్కు వదలినంతనే చెరకు, పాకము, పొయ్యి పొగ అన్నియు తోచును. ఈ పరీక్షకు గాజు పాత్రయు అక్కరలేదు, ఖర్చును లేదు.

వృత్తిగా రుచి చూచువారు ప్రక్కన ఒక పాత్ర నుంచుకొందురు. గుక్కెడు నోట త్రిప్పి, దానిలో ఉమిసి, తోచినది కాగితముపై వ్రాసికొని, మరియొకటి అందుకొందురు. ఒక్క పూటలో ముప్పది రకములు చూచిన మనిషి సాయంకాలము తిన్నగా నడచి ఇల్లు చేరవలెను గదా!