ఎక్స్.ఎం.పి.

ఎక్స్‌ట్రీమ్ మెమొరీ ప్రొఫైల్ లేదా ఎక్స్.ఎం.పి. అనునది కంప్యూటరు ర్యామ్‌ను ప్రామాణిక వేగానికి మించి నడపడానికి కావలసిన సెట్టింగులను ర్యామ్ మాడ్యూలులోనే ముందుగా భద్రపరచే పద్ధతి. దీనిని ఇంటెల్ సంస్థ 2007లో డీడీఆర్3 ర్యామ్ కొరకు ప్రవేశపెట్టినది. డీడీఆర్5 కొరకు మూడవ రూపాంతరం 2021లో వెలువడినది. ఏ.ఎం.డి. సంస్థ 2022లో ఎక్స్‌పో అనే ఇటువంటి పద్ధతినే తెచ్చినది.

పనిచేయు విధానం

ప్రతి మాడ్యూలుపై దాని వేగం, టైమింగులు, వోల్టేజి వివరాలు గల ఎస్.పి.డి. అనే చిన్న చిప్పు ఉంటుంది. కంప్యూటరును ఆన్ చేయగానే బయాస్ దీనిని చదువుతుంది. జెడెక్ ప్రమాణం ప్రకారం డీడీఆర్4 ర్యామ్ వోల్టేజి 1.2. అయితే పెట్టెపై 3200 అని ముద్రించిన మాడ్యూళ్ళలో చాలావాటికి ఆ వేగం 1.35 వోల్టుల వద్ద, ఎక్స్.ఎం.పి. ద్వారా మాత్రమే లభిస్తుంది. కావున కొత్త ర్యామ్ బిగించిన పిదప బయాస్‌లో ప్రొఫైలును ఎంచుకోనంతవరకు అది 2133 లేదా 2400 వంటి తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఎక్కువ ధర పెట్టి కొన్న ర్యామ్‌ను ఏళ్ళ తరబడి ఈ విధంగానే వాడేవారు ఉన్నారు. కొన్ని సాఫ్టువేర్లు 3200 బదులు 1600 మెగాహెర్ట్జ్ అని చూపడం మాత్రం లోపం కాదు. డీడీఆర్ ర్యామ్ ఒక్కొక్క క్లాకు ఆవృత్తిలో రెండుసార్లు డేటాను పంపుతుంది.

వేగం అంకె ఒక్కటే ప్రధానం కాదు. 3200 వేగం, 16 క్యాస్ లేటెన్సీ గల ర్యామ్‌కూ, 3600 వేగం, 18 క్యాస్ లేటెన్సీ గల ర్యామ్‌కూ ఆ జాప్యం 10 నానోసెకండ్లే.

పాత ర్యామ్‌తో కలిపినప్పుడు

ప్రొఫైలులోని అంకెలు తయారీదారు ఆ కిట్టు వరకు ఇచ్చిన హామీ మాత్రమే. ప్రాసెసరులోని మెమొరీ కంట్రోలరు, మదర్‌బోర్డు ఆ వేగాన్ని తట్టుకోగలవన్న హామీ అందులో లేదు. ఇంటెల్ కూడా దీనిని ఓవర్‌క్లాకింగ్‌గానే పరిగణిస్తుంది. పాత మాడ్యూళ్ళు రెండింటికి మరో రెండు జోడించినప్పుడు కంట్రోలరుపై భారం పెరుగుతుంది, అన్నీ ఒకే వేగంతో నడవవలసి ఉంటుంది. ఒకే పేరుతో తరువాత కొన్న మాడ్యూళ్ళలో వేరే చిప్పులు ఉండవచ్చు.

కంప్యూటరు అసలే బూట్ కాకపోవడం చిన్న సమస్య. పలు మదర్‌బోర్డులు కొన్ని ప్రయత్నాల తరువాత వాటంతటవే ప్రామాణిక సెట్టింగులకు మరలుతాయి. లేనిచో విద్యుత్తు తీగను తొలగించి, సీమాస్ జంపరు ద్వారా సెట్టింగులను చెరిపివేయవలెను. డీడీఆర్5 ర్యామ్ తొలిసారి బూట్ కావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆ లోపున పవర్ తీయరాదు.

బూట్ అయి, అప్పుడప్పుడు మాత్రమే తప్పు చేసే ర్యామ్ ఎక్కువ ప్రమాదకరము. సాధారణ డెస్క్‌టాప్ ర్యామ్‌లో ఈ.సి.సి. లేనందున, తారుమారైన బిట్టు ఏ హెచ్చరికా లేకుండా ఫోటోలలోనో లెక్కల ఫైళ్ళలోనో చేరి హార్డుడిస్కుకు, అక్కడి నుండి బ్యాకప్‌కు చేరగలదు. అందువలన ప్రొఫైలును మార్చిన వెంటనే, ఫైళ్ళను కాపీ చేయడానికి ముందే, మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను పలుమార్లు నడపవలెను. ఒక్క తప్పు కనిపించినా వేగాన్ని ఒక మెట్టు తగ్గించి, ఉదాహరణకు 3200 నుండి 2933కు, పరీక్షను మొదటి నుండి చేయవలెను.