ఆ చివరి 'లే'

మయామికి పడమరన డొరాల్ అని ఓ ఊరు. వెనిజులా నుంచి వచ్చినవాళ్లు ఎంతగా స్థిరపడ్డారంటే, జనం దాన్ని ముద్దుగా డొరాల్‌సువేలా అంటారు. పొద్దున్నే మొక్కజొన్న పిండి అరేపాలు కాలుతున్న వాసన. వెనిజులాను ఏలిన మదురో పేరెత్తితే చాలు, పెద్దవాళ్ల గొంతులో జీర.

2024 నవంబరులో ఆ ఊరు ట్రంప్‌ను గెలిపించింది. ఆ ఊరున్న మయామి-డేడ్ కౌంటీయే అటు ఒరిగింది. 1988 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్లకు అక్కడ అదే మొదటి గెలుపు. ఓటేసింది పౌరసత్వం వచ్చిన అన్న. తాత్కాలిక రక్షణ కాగితం పట్టుకుని బతుకుతున్నది తమ్ముడు. అన్నదమ్ములని మాటవరసకు అంటున్నాను, ఎన్నో ఇళ్లలో ఇదే వరస. తమ్ముడి మీద పగతో వేశాడా అంటే, నేననలేను. సోషలిజం పేరు చెప్పి సొంతగడ్డను ఎండబెట్టినవాళ్ల మీద కసితో వేశాడు. పైగా 2021 జనవరి 19న, పదవి దిగే ముందురోజు, వెనిజులావాళ్లను వెనక్కి పంపొద్దని సంతకం పెట్టింది ఆ ట్రంప్ చెయ్యే.

ఎవరూ ఏదీ దాచలేదు. 2024 అక్టోబరులో అరోరా ఊళ్లో ఎన్నికల సభలో, పరాయి దేశస్థులను వెళ్లగొట్టే 1798 నాటి చట్టాన్ని వెనిజులా ముఠాలపై బయటికి తీస్తానని ఆయనే చెప్పాడు. విన్నారు. 'నేరగాళ్ల సంగతి, మనం కాదులే' అనుకున్నారు. తెలుగులోనైతే ఆ నిబ్బరమంతా ఆ చివరి 'లే'లోనే ఉంటుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి ఉంటే!

2025 జనవరిలో, దిగిపోతున్న ప్రభుత్వం ఆ తాత్కాలిక రక్షణను 2026 అక్టోబరు దాకా పొడిగించింది. నెల తిరక్కుండానే కొత్త ప్రభుత్వం ఆ పొడిగింపును రద్దుచేసింది. మార్చి 15న ఆ పాత చట్టమే నిద్రలేచింది. రెండు వందలకు పైగా వెనిజులావాళ్లు ఎల్ సాల్వడార్ జైలుకు చేరారు. ఒంటి మీది కిరీటం పచ్చబొట్టు ముఠా గుర్తయింది. తమవాళ్లున్నారేమోనని, ఆ జైల్లో తలలు గొరుగుతున్న వీడియోను ఇళ్లలో ఆపి ఆపి చూశారు. గుండ్లన్నీ ఒకేలా ఉన్నాయి.

మార్చి 31న శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయమూర్తి ఒకరు రక్షణ రద్దును ఆపారు. ఊపిరి తిరిగింది. మే 19న సుప్రీంకోర్టు ఆ అడ్డు తీసేసింది. సుమారు మూడున్నర లక్షలమంది చేతుల్లో కాగితం ఉత్త కాగితమైంది.

డొరాల్‌లో అరేపాలు ఇంకా కాలుతున్నాయి. తలుపు తట్టిన చప్పుడైతే మాత్రం వంటింట్లో మాటలు ఆగిపోతాయి. పక్కింటివాళ్లేలే అని ఎవరూ అనరు.