ధాత కరువు నేర్పిన లెక్క

కోయిలకుంట్ల పేరు వినగానే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ముట్టడించిన ఖజానా చరిత్రాభిమానులకు జ్ఞప్తికి వస్తుంది. ఆ తరువాత ముప్పై ఏండ్లకు రేనాటి మీద విరుచుకుపడిన విపత్తును తలచుకునేవారు తక్కువ. పెద్దలు దానిని ధాత కరువు అన్నారు.

1876లో వానలు ముఖం చాటేశాయి. కుందేటి ఒడ్డున నల్లరేగడి నెరలు విచ్చింది. చెరువులు ఎండి, మిగిలిన ఒకటి రెండు బావుల చుట్టూ జనమంతా చేరారు. కరువు పనుల వద్ద వేలమంది ఒక్కచోట గుమిగూడారు. ఆకలితో డస్సిన శరీరాలు, కలుషితమైన నీరు, కిక్కిరిసిన శిబిరాలు: కలరాకు ఇంతకన్న ఏమి కావాలి? 1877లో మద్రాసు రాజధానిలో కలరా ఖాతాకు ఎక్కిన మరణాలే మూడున్నర లక్షలు దాటాయి.

ఈ సంఖ్య మనకు ఎలా తెలిసింది? ఊరి మరణాలను గ్రామాధికారులు రాసి తాలూకా కచేరీకి పంపేవారు. అక్కడి నుండి జిల్లాకు, జిల్లా నుండి మద్రాసుకు చేరేవి. మద్రాసులో వాటిని పరిశీలించినవాడు శానిటరీ కమిషనరు డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్. ఆ రాజధాని 1871 జనాభా లెక్కల నివేదికను రచించినదీ ఆయనే. ఇంతకు పూర్వం బ్రతికున్నవారిని లెక్కించిన చేయి ఇప్పుడు చనిపోయినవారిని లెక్కించవలసివచ్చింది.

1877 ఆరంభంలో, ఖర్చు తగ్గించే నిమిత్తం, భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ పనిచేసే మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి పైకం చాలునన్నాడు. కార్నిష్ ఒప్పుకోలేదు. ఆయన కేవలం జాలితో వాదించలేదు. జైళ్ళలో ఖైదీలకు పెట్టే ఆహారం ఎంత, దానితో దేహం నిలిచేది ఎంతవరకు అన్న అనుభవాన్ని, శిబిరాల మరణాలను ముందు పెట్టాడు. ఆ వేసవిలో మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచింది. కానీ నడుమ గడచిన నెలలలో పోయిన ప్రాణాలు తిరిగిరాలేదు.

ఇంతకన్న గొప్ప విషయం మరొకటి ఉంది. కార్నిష్ తన ఖాతాలనే సందేహించాడు. దారిలో కూలిన బాటసారిని ఏ ఊరివారు రాసుకుంటారు? రాయవలసినవాడే వలసపోతే, లేక మరణిస్తే? అందుకే 1878 మార్చిలో కొన్ని తాలూకాలలో జనాన్ని మళ్ళీ లెక్కపెట్టించారు. ఆ మీదట 1881 జనాభా లెక్కలు అసలు సంగతి బయటపెట్టాయి: కర్నూలు జిల్లాలో 1871లో 9 లక్షల 14 వేలమంది ఉండగా 1881లో మిగిలినవారు 6 లక్షల 78 వేలు. కొందరు వలసపోయి ఉండవచ్చు. అయినను నాల్గవ వంతుకు పైగా జనం తరిగారు. ఖాతాలో తక్కువ మరణాలు కనబడితే చావులు తక్కువని కాదు, రాసేవారు కరువయ్యారని కూడా అర్థం కావచ్చు.

అప్పటికి కలరా క్రిమి సంగతి వైద్యలోకానికి స్థిరపడలేదు. లండనులో జాన్ స్నో 1854లోనే ఇల్లిల్లూ లెక్కగట్టి నీటి పంపును దోషిగా నిలిపాడు. కోక్ ఆ క్రిమిని నిర్ధారించినది 1884లో. కారణం తేలకమునుపే లెక్క దారి చూపగలదని దీనివలన తెలుస్తున్నది. 1880 నాటి కరువు కమిషను నివేదిక, 1883 నాటి కరువు నిబంధనావళి ఈ అనుభవం నుండే పుట్టాయి.

2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ కేసులు అత్యధికంగా నమోదైన జిల్లా మళ్ళీ కర్నూలే. కోయిలకుంట్ల అప్పటికి ఆ జిల్లాలోనిదే, 2022లో నంద్యాల జిల్లాలో చేరింది. ఈసారి ప్రయోగశాలలు పరీక్షించాయి, గ్రామ సిబ్బంది ఇంటింటా విచారించారు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు మురుగునీటిలో సైతం వైరస్ జాడ పట్టారు. అయినా పాత ప్రశ్న పోలేదు. 2020, 2021 సంవత్సరాలలో భారతదేశంలో సాధారణం కన్న సుమారు 47 లక్షల మరణాలు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. ప్రభుత్వ లెక్క సుమారు 4 లక్షల 81 వేలు. ఆ అంచనా పద్ధతిని భారత ప్రభుత్వం అంగీకరించలేదు.

ఈ వివాదం ఎటు తేలినా, దాని మూలం మాత్రం ఊరి ఖాతాలోనే ఉన్నది. 1969 చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. ఆస్తి పత్రాలకు అవసరపడినప్పుడే కాక, పోయిన ప్రతివారికీ ఆ పని జరగాలి. మరణ కారణమూ సరిగా నమోదు కావాలి. తరువాత వచ్చే మహమ్మారిని ముందుగా పసిగట్టే వైద్యుడు మొదట చూసేది ఆ వరుసనే.