స్పానిష్ భాషాబోధనలో అలంకారం, సామెత: నెబ్రిహా, వాల్దెస్‌ల దృక్పథాలు

పరభాషను అభ్యసించేవారికి అలంకార పరిచయం ఎప్పుడు అవసరం? వ్యాకరణం ముగిసిన తరువాతనా, మొదటి పాఠం నుంచేనా? స్పానిష్ భాషాబోధన చరిత్ర తొలిదశలోనే ఈ ప్రశ్నకు రెండు భిన్న సమాధానాలు కనిపిస్తాయి. అంతోనియో దె నెబ్రిహా, హువాన్ దె వాల్దెస్‌ల గ్రంథాల ఆధారంగా వాటిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నెబ్రిహా కాస్తిలియన్ భాషా వ్యాకరణం 1492లో సలమాంకాలో అచ్చయింది. ఇసబెల్లా రాణికి అంకితమైన ఈ గ్రంథంలో ఐదు భాగాలున్నాయి. రెండవ భాగంలో ఛందస్సు, నాల్గవ భాగం చివర రూపకం మొదలైన అలంకారాలు వివరింపబడ్డాయి. ఉదాహరణలకు నెబ్రిహా విశేషంగా ఆశ్రయించిన కవి 15వ శతాబ్దికి చెందిన హువాన్ దె మేనా.

ఐదవ భాగం ఇతర భాషీయుల కోసం ఉద్దేశించినది. అందులో అక్షరాలు, నామరూపాలు, క్రియారూపాలకే ప్రాధాన్యం. అలంకార ప్రకరణం లేదు. ప్రవేశపాఠం కనుక సంక్షిప్తత సహజమే. అయితే భాషను సామ్రాజ్యానికి సహచరిగా భావించిన పీఠిక, విజితులు విజేతల శాసనాలతోపాటు వారి భాషనూ స్వీకరించవలసి ఉంటుందని చెబుతుంది. శాసనం అర్థం కావడానికి పదరూపాలు చాలవచ్చు. ఆ భాషలో పరిహాసం, వ్యంగ్యం తెలియడానికి చాలవు.

వాల్దెస్ సుమారు 1535లో నేపుల్స్‌లో రచించిన ‘భాషా సంభాషణం’ 1737 వరకు అచ్చుకాలేదు. ఇటాలియన్ మిత్రుల సందేహాలకు సమాధానాలుగా సాగే ఈ గ్రంథం సామెతలను ప్రమాణంగా స్వీకరించింది. అండలూసియాకు చెందిన నెబ్రిహా ప్రామాణ్యాన్ని వాల్దెస్ అంగీకరించలేదు. కాస్తిలియన్ సామెతల్లో అధికభాగం పొయ్యి చెంత నూలు వడికే వృద్ధస్త్రీల నోట పుట్టి పెరిగినవని ఆయన భావన. వర్ణక్రమాన్నీ, పదప్రయోగాన్నీ సామెతల ద్వారానే వివరించాడు.

సామెతలో ప్రాస, వైరుధ్యం, క్లుప్తత సహజంగా ఇమిడి ఉంటాయి. అందువల్ల ఉచ్చారణ, అర్థం, సందర్భౌచిత్యం అభ్యాసకునికి ఏకకాలంలో అందుతాయి. కువలయానందం లోకోక్తిని అలంకారంగా పరిగణించిన విషయం ఇక్కడ స్మరణీయం.

నెబ్రిహా అలంకారాన్ని లక్షణబద్ధం చేశాడు, కాని విదేశీయుని తొలిపాఠంలో దానికి చోటివ్వలేదు. వాల్దెస్ ప్రత్యేకంగా అలంకారశాస్త్రం బోధించకుండానే అలంకృతమైన లోకవాక్కును పాఠంగా మార్చాడు. భాషాబోధనలో అలంకారం చివర చేర్చే సొగసు కాదనీ, భాషలోకి ప్రవేశించే మార్గాలలో ఒకటనీ వాల్దెస్ పద్ధతి నిరూపిస్తున్నది.