నీలి రంగు చెప్పిన లెక్క

శివరాత్రికి ముందు అచ్చంపేట దారుల్లో శివమాల వేసుకున్నవాళ్ళు గుంపులుగా కనిపిస్తారు. ఉమామహేశ్వరంలో మొక్కుకుని, మన్ననూరు దాటి, నల్లమల ఘాట్లెక్కి శ్రీశైలం దాకా కాలినడక. ఆ ఎక్కుడులో పిక్క బిగిసిన ప్రతిసారీ కండరంలో ఖర్చయ్యేదాన్ని మొదట పట్టుకున్నవాళ్ళలో ఒక తెలుగువాడున్నాడు: యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రి పని, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధన. 1925లో ఇద్దరూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేట్ ద్రావణం, దాన్ని నీలంగా మార్చే మరో రసాయనం కలపాలి. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన.

కండరపు రసంలో మాత్రం నీలం ఒక్కసారిగా రాలేదు; నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. ఆ ఆలస్యాన్ని వాళ్ళు వదలలేదు. ఏదో పదార్థం ఆమ్లంలో మెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతోంది! 1927లో దాన్ని ఫాస్ఫోక్రియాటిన్‌గా ప్రకటించారు. 1929లో, పిక్క బిగిసినప్పుడు ఖర్చయ్యే ఏటీపీని కూడా. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు.

ఏటీపీ అంటే ఇంధనమనే చదువుకుంటాం. అది సగం మాటే.

1955లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ మిగతా సగాన్ని చూపారు. ఏటీపీ ఇచ్చిన ఫాస్ఫేట్ అతుక్కోగానే కండరంలోని ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము మేలుకుని, నిల్వ ఉన్న గ్లైకోజన్‌ను విడగొడుతుంది. 1992లో వాళ్ళకు నోబెల్ వచ్చింది.

గ్లైకోజన్‌ను కూడబెట్టే సింథేజ్ అనే ఎంజైము సంగతి మరీ విచిత్రం. దానిమీద కనీసం తొమ్మిది చోట్ల ఫాస్ఫేట్ అతుక్కోగలదు. ముందు ఒక ఎంజైము ఒకచోట ఫాస్ఫేట్ పెడితేనే జీఎస్‌కే-3 అనే మరో ఎంజైము అక్కడ పని మొదలుపెట్టి, నాలుగేసి అమైనో ఆమ్లాల దూరంలో వరసగా నాలుగు పెడుతుంది. పూలమాల కట్టే చెయ్యి ముడి బిగిశాకే తర్వాతి పువ్వు అందుకున్నట్టు. అవి పడేకొద్దీ సింథేజ్ పని మందగిస్తుంది. నడిచి అలసినవాడు అన్నదానం పందిట్లో భోంచేశాక, ఇన్సులిన్ జీఎస్‌కే-3ని ఆపుతుంది. ఆ ఫాస్ఫేట్లు ఊడతాయి. నిల్వ మళ్ళీ మొదలవుతుంది.

ఒక్కో చోట ఫాస్ఫేట్ ఉండొచ్చు, లేకపోవచ్చు; తొమ్మిది చోట్లంటే 512 రూపాలకు వీలుంది. ఇలాంటి వ్యవస్థల్లో చోట్లు పెరిగేకొద్దీ నిలకడగా ఉండగల స్థితులూ పెరగొచ్చని 2009లో మాథ్యూ థామ్సన్, జెరెమీ గుణవర్దన గణితంతో చూపారు. అంటే ఇప్పుడు అందే సంకేతం ఒకటే అయినా, ఇంతకుముందు ఏం జరిగిందో దాన్నిబట్టి కణం వేరే స్థితిలో నిలవగలదు.

సుబ్బారావు నీలం ఫాస్ఫేట్ ఎంతుందో చెబుతుంది, ప్రోటీనులో ఎక్కడుందో చెప్పదు. ఆ చోటు కోసం నేడు ప్రోటీన్లను ముక్కలుచేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూస్తారు. ఫాస్ఫేట్ ఉన్న ముక్క సుమారు 80 డాల్టన్ల బరువు ఎక్కువ తూగుతుంది.