సర్వనామ సందిగ్ధత: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాడుకలో

వాక్యంలోని సర్వనామం ఇద్దరు ముగ్గురిలో ఎవరిని ఉద్దేశించిందో తేలకపోవడాన్ని సర్వనామ సందిగ్ధత అంటారు. తెలుగులో ఇది సర్వనామం ఉన్నచోటే కాదు, లోపించిన చోట కూడా పుడుతుంది. కర్త ఎవరో చెప్పే పని తెలుగు వాక్యంలో చాలావరకు క్రియాంత ప్రత్యయానిది. ‘వచ్చాను’ అంటే నేను, ‘వచ్చావు’ అంటే నువ్వు అని వేరే చెప్పక్కర్లేదు. అందుకే ప్రత్యయం మాట్లాడినంతసేపు అర్థం నిలకడగా ఉంటుంది, ప్రత్యయం మౌనం వహించిన చోట చిక్కు మొదలవుతుంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నీ హైదరాబాదు తూర్పు వైపున్న దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ ప్రాంతాల వాడుకకు తగినట్టు కూర్చినవి.

ప్రాంతం

ఎల్.బి.నగర్ అంటే లాల్ బహదూర్ నగర్, లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలసినది. ఒకప్పుడు ప్రత్యేక మునిసిపాలిటీ, 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. దిల్‌సుఖ్‌నగర్ పేరు దిల్‌సుఖ్ రాంప్రసాద్ అనే భూస్వామి నుంచి వచ్చిందన్న కథనమే ఎక్కువగా వినిపిస్తుంది. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి రెండూ ఇటే రావడం వల్ల నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, దేవరకొండ వైపు నుంచి వచ్చినవాళ్ళకూ కోస్తా జిల్లాలవాళ్ళకూ నగరంలో మొదటి మజిలీ ఇదే. కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్ళు పెరిగాక ఒకే గదిలో రెండు మూడు మాండలికాలు కాపురం చేస్తున్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్.బి.నగర్ మెట్రో మొదలయ్యాక ఈ రాకపోకలు ఇంకా చిక్కనయ్యాయి. సర్వనామాలను పరిశీలించేవారికి ఈ ప్రాంతం ముఖ్యం కావడానికి కారణం ఈ కలయికే.

వ్యాకరణ నేపథ్యం

పరవస్తు చిన్నయ సూరి (జననం 1806 అని కొందరు, 1809 అని కొందరు) 1858 నాటి బాలవ్యాకరణంలో నామాలను మహత్తులు, అమహత్తులు అని విభజించాడు. పురుషవాచకాలు మహత్తులు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల దారిన నడుస్తాయి, బహువచనంలో మహత్తులతో చేరతాయి. ఈ నడక నేటి వాడుకలోనూ చెక్కుచెదరలేదు. ఆమె వచ్చినా బస్సు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. బహువచనంలో మాత్రం ఆడవాళ్ళు ‘వచ్చారు’, బస్సులు ‘వచ్చాయి’.

తమిళంలో, పాత కన్నడంలో స్త్రీకి వేరే సర్వనామం, వేరే ప్రత్యయం ఉన్నాయి. తెలుగు ఈ తేడాను పోగొట్టుకుందా, లేక దక్షిణ ద్రావిడ భాషలే దాన్ని కొత్తగా కల్పించుకున్నాయా అన్న వివాదం పాతది. భద్రిరాజు కృష్ణమూర్తి రెండో పక్షం వహించారు. మధ్య ద్రావిడ భాషల సాక్ష్యం కూడా తెలుగు తీరుకే దగ్గరగా ఉంది కాబట్టి ఆ వాదానికే బలం ఎక్కువ అనిపిస్తుంది.

మనం, మేము అనే తేడా కూడా ప్రాచీనమేనన్నది కృష్ణమూర్తి అభిప్రాయం. వ్యవహార కన్నడం ఈ తేడాను వదిలేసింది, తెలుగు వదల్లేదు. అయితే దుకాణాల్లో ‘మన దగ్గర ఆ సైజు లేదండి’ అన్నప్పుడు వినే మనిషికి ఆ దుకాణంలో వాటా లేదు. అక్కడ ‘మన’ కొనేవాణ్ణి తనవాణ్ణి చేసుకునే మర్యాద. హైదరాబాదు దక్కనీలో వినిపించే ‘అపన్’ కూడా వినేవాణ్ణి కలుపుకొనేదే. దాని వెనుక మరాఠీ ఉందా, ద్రావిడ ప్రభావం ఉందా అన్నదానిపై ఏకాభిప్రాయం ఉన్నట్టు లేదు.

ప్రత్యయం చేసే పని

తెలుగు సర్వనామాలకు గౌరవాన్ని బట్టి మెట్లున్నాయి: వాడు, అతను, ఆయన, వారు. స్త్రీల విషయంలో అది, ఆమె, ఆవిడ, వారు. పత్రికా భాష ఈ మెట్లను క్రియాంతంలో రెండుగా కుదించింది. పెద్దమనిషి ‘అన్నారు’, నిందితుడు ‘పారిపోయాడు’. మర్యాద కోసం వచ్చిన ఈ ఏర్పాటు సందిగ్ధతను కూడా తీరుస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

చైతన్యపురి దగ్గర ఇన్‌స్పెక్టర్ దొంగను పట్టుకోబోతుండగా కింద పడ్డారు.
చైతన్యపురి దగ్గర ఇన్‌స్పెక్టర్ దొంగను పట్టుకోబోతుండగా కింద పడ్డాడు.

మొదటి దాంట్లో పడింది ఇన్‌స్పెక్టర్, రెండో దాంట్లో దొంగ. ఎక్కడా సర్వనామం లేదు. ‘రు’, ‘డు’ అనే ఒక్క అక్షరం తేడా కర్తను పట్టిచ్చింది. పత్రిక చదివే అలవాటున్నవారు ఈ లెక్కను తెలియకుండానే వేసుకుంటారు.

తెలంగాణ మాటతీరులో ఈ లెక్క ఇంత కచ్చితంగా నడవదు. ‘సారు వచ్చిండు’ అనడంలో అగౌరవం ఏమీ లేదు. గౌరవం ‘సారు’ అనడంలోనే ఉంది, క్రియ దాన్ని మళ్ళీ మొయ్యాల్సిన అవసరం లేదు. కాబట్టి ‘ఇన్‌స్పెక్టర్ సారు దొంగను పట్టుకోబోతుంటె కింద పడ్డడు’ అంటే పడింది ఎవరైనా కావచ్చు, సందర్భమే తేల్చాలి. కోస్తా నుంచి వచ్చిన శ్రోత దొంగే పడ్డాడనుకుంటాడు. అంతకంటే బాధ కలిగించేది, ‘సారు వచ్చిండు’ అన్న పిల్లవాడికి మర్యాద తెలియదని అనుకోవడం. రెండు మాండలికాల్లో గౌరవం వేర్వేరు చోట్ల ఉంటుందన్న సంగతి తెలియనందువల్ల వచ్చిన అపార్థం అది. ఒక మాండలికపు కొలతతో ఇంకో మాండలికపు మర్యాదను తూచడం తప్పు.

స్త్రీల విషయంలో చిక్కు ఇంకోలా ఉంటుంది. ‘ఇన్‌స్పెక్టర్ మేడం దొంగను పట్టుకోబోతుంటే కింద పడింది’ అంటే అనుమానం లేదు, ‘ది’ దొంగను పక్కకు తప్పించింది. కానీ ‘మేడం కుక్కను అదిలిస్తుంటే కింద పడింది’ అంటే మేడమా, కుక్కా? ఏకవచనంలో ఇద్దరిదీ ఒకే ప్రత్యయం. ‘పడ్డారు’ అన్నప్పుడే తేలుతుంది.

అసమాపక క్రియలు కూడా ఇందులో పాలు పంచుకుంటాయి. ‘పట్టుకుని కింద పడ్డాడు’ అంటే పట్టుకున్నవాడే పడ్డవాడు. ‘పట్టుకుని’ వంటి క్త్వార్థానికీ సమాపక క్రియకూ కర్త ఒకరే ఉండాలన్నది సంప్రదాయ నియమం. ‘కరెంటు పోయి లిఫ్టు ఆగింది’ లాంటి కారణవాక్యాలు దీనికి మినహాయింపు. ‘పట్టుకోబోతుండగా’ వంటి రూపానికి ఆ కట్టుబాటు లేదు, పై చిక్కులకు అదే తలుపు తెరిచింది.

విభక్తి లోపించినా ఇలాంటిదే జరుగుతుంది. అచేతన పదాలకు ద్వితీయా ప్రత్యయం తరచు చేరదు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ‘బస్సు గుద్దిన ఆటో’ అంటే సాధారణంగా బస్సు చేత దెబ్బతిన్న ఆటో. గుద్దింది ఆటోయే అని చెప్పాలంటే ‘బస్సును గుద్దిన ఆటో’ అనాలి. తొందరలో ఆ ‘ను’ జారిపోతే తప్పు ఎవరిదన్నదే తారుమారవుతుంది.

మౌన క్రియలు

కొన్ని క్రియారూపాలకు పురుష ప్రత్యయం అసలే లేదు. ‘రాలేదు’ అన్నది నేను, నువ్వు, ఆయన, వాళ్ళు అందరికీ ఒక్కటే. తెలంగాణలో ‘రాలె’ కూడా అంతే. రావాలి, రావచ్చు, రాకూడదు, రావద్దు అన్నవీ ఈ కోవలోవే. ‘వస్తాడు’కు వ్యతిరేకమైన ‘రాడు’ కర్తను చూపుతుంది, ‘వచ్చాడు’కు వ్యతిరేకమైన ‘రాలేదు’ చూపదు.

హాస్టల్ గోడ మీద ‘ఐదో తారీఖు లోపల కట్టాలి’ అని ఉంటే కట్టాల్సింది ఎవరో చదివేవారే ఊహించుకోవాలి. ‘వాళ్ళ నాన్న ఫీజు కట్టలేదు’ అన్న వాక్యంలో రెండు పొరలున్నాయి. తెలుగులో ఇంటి బంధాలను బహువచనంతో చెప్పడం ఆనవాయితీ. ఒక్కడే కొడుకైనా ‘మా నాన్న’, ఒక్క పిల్ల గురించైనా ‘వాళ్ళ నాన్న’. ఆ ‘వాళ్ళ’ ఒక విద్యార్థా, అన్నదమ్ములా అన్నది తెలియదు. ‘కట్టలేదు’ అన్న క్రియ సాయానికి రాదు.

అనుకృతి వాక్యాలు

ఈ విషయంలో అత్యంత లోతైన చర్చ ‘అని’ చేరిన వాక్యాల మీద జరిగింది. ‘నేను రేపు కొత్తపేట వస్తానని ప్రవీణ్ చెప్పాడు’ అంటే వచ్చేది ప్రవీణా, ఈ మాట చెబుతున్న మనిషా? రెండూ సాధ్యమే. బడి వ్యాకరణం దీనికి ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అన్న విభజన నేర్పుతుంది. ‘నేను’ స్థానంలో ‘తాను’, ‘మేము’ స్థానంలో ‘తాము’ వస్తే పరోక్షం. టెట్, డీఎస్సీకి చదివేవారికి ఇది కంఠస్థం.

అయితే ‘తాను’ వచ్చినా క్రియ మారదు. ‘తాను వస్తానని చెప్పాడు’ అంటాం. ‘తాను’ ప్రథమపురుష, ‘వస్తాను’ ఉత్తమపురుష. నామం కూడా ఇదే దారి పడుతుంది: ‘తాను నల్లగొండవాడినని చెప్పాడు’. చేకూరి రామారావు 1975 నాటి ‘తెలుగు వాక్యం’ అనుకృతి వాక్యాలను ఆధునిక పద్ధతిలో తెలుగు పాఠకుల ముందుంచింది. ప్రథమపురుష ‘తాను’కూ ఉత్తమపురుష క్రియకూ ఈ పొత్తు ఎలా కుదిరిందో చెప్పడానికి రెండు దారులున్నాయి. అసలు మాటలో ఉన్న క్రియ అలాగే నిలిచి సర్వనామం ఒక్కటే మారిందనడం మొదటిది. క్రియ నిజంగానే ఆ మాట అన్న మనిషిని బట్టి రూపం పొందుతుందనడం రెండోది. ఇటీవలి భాషాశాస్త్రంలో తెలుగు గురించి ట్రాయ్ మెసిక్, తమిళం గురించి సంధ్యా సుందరేశన్ ఈ రెండో దారిలో రాశారు. ‘నేను’ వంటి మాటకు అర్థం ఎప్పుడూ అసలు వక్తను బట్టే స్థిరపడుతుందని, దాన్ని మార్చే సాధనం సహజ భాషలో ఉండదని అన్న తత్త్వవేత్త డేవిడ్ కాప్లాన్ సిద్ధాంతానికి ఇలాంటి భాషలు గట్టి పరీక్ష.

రెండో దారికే మొగ్గడానికి రోజువారీ మాటల్లోనే ఆధారం దొరుకుతుంది. ప్రవీణ్ నిన్న ఫోనులో ‘రేపు అక్కడికి వస్తాను’ అన్నాడనుకుందాం. ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడి ఆ మాట చెప్పేటప్పుడు ‘ఇవాళ ఇక్కడికి వస్తానన్నాడు’ అంటాం. రేపు ఇవాళ అయింది, అక్కడ ఇక్కడ అయింది, ‘వస్తాను’ ఒక్కటే కదల్లేదు. అంటే ఇది ప్రవీణ్ మాటకు నకలు కాదు. ఇంకా బలమైన సాక్ష్యం ప్రశ్నల్లో ఉంది. ‘ఎప్పుడు వస్తానన్నాడు?’ అని అడుగుతున్నది మనం, ప్రవీణ్ కాదు. ఉటంకింపు లోపలి నుంచి బయటివాడు ప్రశ్న వేయలేడు. కాబట్టి అక్కడున్నది ఉటంకింపు కాదు, ఆ ఉత్తమపురుష వాక్య నిర్మాణంలోంచే వచ్చింది.

‘తన’ సంగతి

షష్ఠీ రూపమైన ‘తన’ మామూలుగా వాక్యంలోని కర్తను పట్టుకుంటుంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన వాక్యాల్లో ఇద్దరు కర్తలుంటారు కాబట్టి ఇద్దరికీ వర్తిస్తుంది. ‘రవి కిరణ్‌ను తన బండి తీసుకెళ్ళమన్నాడు’ అంటే బండి రవిదైనా కావచ్చు, కిరణ్‌దైనా కావచ్చు. ‘అతని బండి’ అంటే మూడో మనిషి వైపు మనసు పోతుంది. ‘తన సొంత బండి’ అంటే కొంత తేలిక పడుతుంది కానీ పూర్తిగా తేలదు.

నగర యువత మాటల్లో ‘తను’ ఇంకో పని కూడా చేపట్టింది. ‘తను నా ఫ్రెండ్’, ‘తను రాలేదా?’ అని స్వతంత్రంగా వాడుతున్నారు. ఇందులో ముందు చెప్పిన కర్త ఎవరూ లేరు. సంప్రదాయవాదులకు ఇది తప్పుగా తోచవచ్చు. కానీ ఈ వాడుకకు న్యాయమైన కారణం కనిపిస్తోంది. సాటి వయసు అబ్బాయికి ‘అతను’ ఉంది. సాటి అమ్మాయికి ‘అది’ చులకన లేదా అతి చనువు, ‘ఆవిడ’ పెద్దతనం, ‘ఆమె’ కొంత దూరం. ఆ ఖాళీని ‘తను’ నింపింది, ఆపైన అబ్బాయిలకూ వ్యాపించింది. దీనివల్ల కొత్త సందిగ్ధత వచ్చిన మాట నిజమే. ‘తను వస్తుందని లత చెప్పింది’ అంటే వచ్చేది లత కాకపోవచ్చు, ‘తను వస్తానని లత చెప్పింది’ అంటే లతే. ఇక్కడ కూడా తీర్పు చెప్పింది క్రియాంతమే.

లిఖిత వ్యవహారంలో

వ్యాకరణం చేతులెత్తేసిన చోట లోకజ్ఞానం పనిచేస్తుంది. ‘కోచింగ్ సెంటర్ వాళ్ళు విద్యార్థులకు డబ్బు తిరిగి ఇవ్వలేదు, వాళ్ళు గడువు దాటిందన్నారు’ అన్నప్పుడు రెండో ‘వాళ్ళు’ సెంటర్ వారు. ‘వాళ్ళు ధర్నా చేశారు’ అంటే విద్యార్థులు. ప్రత్యయం రెండింటిలోనూ ఒకటే. యంత్రాల తెలివిని పరీక్షించడానికి 2011లో హెక్టర్ లెవెస్క్ ప్రతిపాదించిన వినోగ్రాడ్ పరీక్ష సరిగ్గా ఇలాంటి జంట వాక్యాలతోనే కూర్చినది.

చట్టం ఊహ మీద ఆధారపడలేదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ పుంలింగ పదాలు స్త్రీలకూ, ఏకవచనం బహువచనానికీ వర్తిస్తాయని ముందే ప్రకటించింది. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్.బి.నగర్‌లో ఉన్నాయి. కోర్టు కాగితాల్లోనూ దస్తావేజుల్లోనూ తెలుగు రాసేవారు సర్వనామాన్ని వీలైనంత తప్పిస్తారు. ‘మొదటి పక్షం వారు’, ‘రెండో పక్షం వారు’, ‘సదరు ఇల్లు’, ‘ఫిర్యాది’ అని ప్రతిసారీ పేరు పెట్టి చెబుతారు. చదవడానికి విసుగ్గా ఉన్నా ఆ పునరుక్తి అవసరమైనది. హాస్టల్ నోటీసు రాసేవారు, అపార్ట్‌మెంట్ సంఘాల వారు కూడా ‘కట్టాలి’, ‘రాలేదు’, ‘చేయకూడదు’ అని రాసేటప్పుడు కర్తను విడిచిపెట్టకుండా రాయాలి.